మగ్గం ఆపి చూసిన సంబంధం

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. గడపలో నిలబడ్డవాళ్లు కూడా లోపలికి రండి, చాప వెడల్పుగానే ఉంది. చేతిలో పని ఉంటే పక్కన పెట్టనక్కర్లేదు. పల్లికాయో చిక్కుడుకాయో ఒలుచుకుంటూనే వినండి. నేను అయిదో తరగతి మధ్యలో బడి వదిలిన మనిషిని. రాసే వాక్యంలో తప్పు దొర్లితే సర్దుకోండి గాని, జరిగిన సంగతిలో తప్పు దొర్లిందని మాత్రం అనుకోకండి. మా ఇంట్లో ఎవరి పెళ్లికి ఎవరు అలిగారో, ఏ వానకు ఏ గోడ కూలిందో ఇప్పటికీ నన్నే అడుగుతారు. రాసిపెట్టుకునే వీలు లేనివాళ్లకు దేవుడు జ్ఞాపకాన్ని కొంచెం మొగ్గు చూపి ఇస్తాడేమో.

ఆ రోజుల్లో, అంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ మూడు జిల్లాలై, ప్రతి ఆఫీసు మీదా కొత్త బోర్డు రంగు వాసన కొడుతున్న రోజుల్లో (రంగేదో నాకు తెలియదు, వాసన మాత్రం నిన్నటిలా గుర్తుంది), నాకు ఇరవై రెండేళ్లు. పదకొండో ఏట వచ్చిన జ్వరం పోతూ పోతూ నా చూపును కూడా వెంట తీసుకుపోయింది. అప్పటినుంచి గద్వాలలో మా ఇంట్లో నాయిన నేసే చీరలకు కండెలు చుట్టడమే నా పని. దారం ఏ రంగుదో అమ్మ చెబితే తప్ప తెలియదు గాని, అది నూలో పట్టో, కొత్తదో ముక్కిందో వేళ్లు చెప్పేవి. మా ఇల్లంటే ముందు గదిలో గుంట మగ్గం, వెనక గదిలో మేము. పొద్దున లేచింది మొదలు దీపం పెట్టేదాకా ఆ మగ్గం దెబ్బ మధ్యలోనే మా తిండి, మా తగాదాలు, మా నవ్వులు. మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు గట్టిగా అరిచి మాట్లాడేవారు. మేము మాత్రం దెబ్బకూ దెబ్బకూ మధ్య సందులో మాట జారవిడిచేవాళ్లం.

అట్లాంటి రోజుల్లో మా నేతవాళ్ల సొసైటీ పెద్దమనిషి ఒకరోజు నాయిన దగ్గరికి వచ్చి ఒక మాట అన్నాడు. చీరల ఆర్డర్లు ఇప్పుడు కంప్యూటరులో ఉత్తరాలుగా వస్తున్నాయట. వాటిని చదివి జవాబు రాసి, ఫోను ఎత్తే మనిషి కావాలట. "వనపర్తిల కండ్లు లేనోళ్లకు కంప్యూటర్ నేర్పే సారొకాయన ఉన్నడు. మూడు నెలలు. ఆడ నేర్చుకొని, నాగర్‌కర్నూల్ల పరీక్ష పాసై కాగితం తెస్తే ఆ కుర్చీ నీ బిడ్డదే. ఒక్క పరీక్ష దాకనే ఆగుత, దాటితే ఇంకొకర్ని పెట్టుకుంట. మల్ల నన్ననొద్దు," అన్నాడు. కుర్చీ! ఆ మాట విన్న పూట నేను చుట్టిన కండెలన్నీ వదులైపోయాయని అమ్మ తిట్టింది. అప్పటిదాకా నేను కూర్చున్నవన్నీ పీటలూ చాపలూ. నాకంటూ ఒక కుర్చీ, దాని ముందొక బల్ల, దాని మీద నాకోసం మోగే ఫోను... ఎన్నడూ అడగని దాన్ని ఎవరో చేతిలో పెట్టబోయినట్టయింది.

వనపర్తిలో మా సారుకూ చూపు లేదు. కానీ అడుగుల చప్పుడుతోనే ఎవరు ఆలస్యంగా వచ్చారో చెప్పేసేవాడు. రెండు నెలల్లో అక్షరాలు కొట్టడం నేర్పాడు. ఇక అసలు సంగతి, కంప్యూటరు మనతో మాట్లాడాలి గదా, ఏ గొంతుతో మాట్లాడాలన్నది. తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే గొంతులు చాలా ఉంటాయట. సారు తెలుగువి మూడు ఎంచి మా కంప్యూటర్లలో పెట్టాడు. ఒకటి ఆడగొంతు, అచ్చం మనిషిలాగే, తేనె గారుతున్నట్టు. రెండోది మగగొంతు, రేడియోలో వార్తలు చెప్పేవాడిలా. మూడోది మగో ఆడో కూడా చెప్పలేం, ఖాళీ నూనె డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపితే అవి తెలుగులో మాట్లాడినట్టు. నేను వాటికి అక్కడికక్కడే తేనె పిల్ల, వార్తలాయన, రేకుగాడు అని పేర్లు పెట్టేశాను.

"పీర్ల పండగకు సెలవులిస్తున్న. కంప్యూటర్ ఇంటికి తీస్కపోండ్రి," అన్నాడు సారు. "మూడు గొంతులు మంచిగ ఇని ఒక్కటి ఎంచుకోండ్రి. పరీక్ష దాక దానితోనే కాపురం. దినానికొకటి మారిస్తే చెవులు ఏదీ నేర్వవు. ఎంచుకునేటప్పుడు ఒక్కటి యాదిల పెట్టుకోండ్రి, ముద్దుగున్నదా లేదా అని కాదు, పనికొస్తదా అని చూడాలె."

ఈ చివరి మాట ఒక్కటే నా అంత జ్ఞాపకశక్తి ఉన్న మనిషి చెవిలోంచి ఎట్లా జారిపోయిందో ఇప్పటికీ తెలియదు. ఎందుకంటే నేను అప్పటికే తేనె పిల్లకు పడిపోయాను. నా పక్క బల్ల మీద అలంపూర్ నుంచి వచ్చిన ముస్లిం అక్క కూర్చునేది, అందరం ఆపా అని పిలిచేవాళ్లం. పుట్టు గుడ్డి, నాకన్నా పదేళ్లు పెద్ద, నాలుక మాత్రం మంగలి కత్తి. ఆమె రేకుగాడిని పెట్టుకుని, వేడి నూనెలో ఆవాలు చిటపటలాడుతున్నంత వేగంగా ఉరికించేది.

"ఆపా, గదేం గొంతు? రేకుల షెడ్డు మీద వాన పడ్డట్టున్నది," అన్నాను.

"వాన పడితే పంట పండుతది పోరీ. నువ్వు తేనె నాక్కుంట కూసో, చీమలు పడ్తయి," అంది ఆపా.

అమ్మ వచ్చి నన్ను ఇంటికి తీసుకుపోయింది. బస్సులో కంప్యూటరును పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్క సీటావిడ "ఎన్నో నెల బిడ్డ?" అని అడిగిందంటే ఎట్లా పట్టుకుందో మీరే ఊహించుకోండి. ఇంటికి చేరగానే అమ్మ చేసిన మొదటి పని మా అత్తకు కబురు చెప్పడం. అత్త అంటే నాయినకు అక్క. పెళ్లిచూపులు జరపడంలో గద్వాలలోనే ఆమెను మించినవాళ్లు లేరు. అందుకే అందరూ ఆమెను చూపులత్త అనేవారు. పిల్ల నడకలో దోషం, పిల్లగాడి మాటలో అబద్ధం ఆమె ముందు దాగేవి కావు. మా వాడలో సగం కాపురాలు ఆమె చలవే (మిగతా సగం విడిపోకుండా ఉన్నవి కూడా ఆమె భయానికే). ఆమె ఎవరికీ సంబంధం తేలేకపోయిన ఇల్లు ఒక్కటే ఉంది. అది మాదే. నన్ను చూడడానికి ఎవరినీ ఆమె తీసుకురాలేకపోయింది. ఆ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు, కానీ ఆమె మా ఇంటికి వచ్చినప్పుడల్లా అది కూడా వచ్చి ఒక పక్కన కూర్చునేది.

"మూడు గొంతులల్ల ఒకటి ఎంచుకోవాలె అత్తా," అని చెప్పానో లేదో, ఆమె కొంగు బిగించింది. "ఎంచుకునుడంటే అలకగ అనుకున్నవా? ఇంట్లకొచ్చేటిది, జీవితాంతం నీ చెవుల మాట్లాడేటిది. పద్ధతి ప్రకారం చూపులు జరగాలె. ఎల్లుండి శుక్రారం మంచిగున్నది." అట్లా నా జన్మలో మొదటిసారి మా ఇంట్లో పెళ్లిచూపులు జరిగాయి. అదీ మేము మగపెళ్లివాళ్ల తరఫు!

శుక్రవారం పొద్దున కంప్యూటరును పీట మీద కూర్చోబెట్టి, మూతకు బొట్టు పెట్టారు. ఇరుగూ పొరుగూ పది మంది ఆడవాళ్లు, మరమరాలు, చాయ్. నాయిన మాత్రం మగ్గం దిగలేదు. "అక్కా, చీర కొసకొచ్చింది, లేస్తే బిగువు తప్పుతది," అన్నాడు. అత్త ముందు గదిలోకి పోయి, "లేవకుంటే మానె తమ్మీ, ఆ దెబ్బ జర బంద్ పెట్టు. వచ్చినోళ్ల మాట ఇనొద్దా? మర్యాద తెల్వదా?" అని గద్దించింది. మా ఇంట్లో పట్టపగలు, పండగ కాని పూట, మగ్గం ఆగడం నేను అప్పుడే విన్నాను. గోడ గడియారం చప్పుడు కూడా వినిపించేసరికి నాకు ఎవరి ఇంట్లోనో కూర్చున్నట్టు అనిపించింది.

ఇప్పుడొక నేరం ఒప్పుకోవాలి. అత్త కంప్యూటరును ప్రశ్నలడగడం మొదలుపెట్టింది. అది దానంతట అది జవాబు చెప్పదని, నేను కొట్టిందే చదువుతుందని ఆమెకు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇరవై రెండేళ్ల కొంటెతనం. పీట పక్కనే కూర్చుని, ఊరికే మీటలు తడుముతున్నట్టు, ఆమె అడిగినదానికి చప్పుడు కాకుండా జవాబు కొట్టి, గొంతుల చేత చెప్పించాను. "నీ పేరేంది?" అని అడిగితే వార్తలాయన తన పేరేదో చెప్పాడు. అంతే, అత్త చెయ్యెత్తేసింది. "వద్దు వద్దు. ఈయన ఏం చెప్పినా ఎవరో పోయినట్టే చెప్తుండు. శుభమా అని ఇంట్లకు తెచ్చుకుంటమా?" తర్వాత రేకుగాడు. "అత్తా, మీ ఆరోగ్యం బాగుందా?" అన్న మాటను వాడు ఎట్లా అన్నాడంటే, పోలీసువాడు తలుపు తట్టి అడిగినట్టుంది. మరమరాలు నములుతున్న పక్కింటి అవ్వకు పొలమారింది. ఒక పాట చరణం పాడమంటే, దాన్ని వాడు కరెంటు బిల్లు చదివినట్టు చదివాడు. "ఈని గొంతుల తుప్పు పట్టింది. దవాఖానకు తోలుండ్రి," అంది అత్త.

చివరికి తేనె పిల్ల. అదే మాట కొట్టాను: "అత్తా, మీ ఆరోగ్యం బాగుందా?" గది మొత్తం మెత్తబడిపోయింది. అత్త మెల్లగా, "బాగున్న బిడ్డా, మోకాళ్లే జర గుంజుతున్నయి," అంది, నిజంగా ఎవరో అడిగినట్టే. ఇక వేరే మాట లేదు, సంబంధం ఖాయమైపోయింది. చక్కెర పంచారు. ముందు గదిలోంచి నాయిన గొంతు ఒక్కసారి వినిపించింది: "మగ్గం ఆపి చూస్తిరి. ఆడంగ చూడాలె." ఆ మాటను చక్కెరతో పాటు అందరూ మింగేశారు. నేను కూడా.

వనపర్తికి తిరిగి వచ్చాక కాపురం మొదలైంది. మొదటి వారం స్వర్గం. రెండో వారం నుంచి తెలిసింది, తేనె పిల్లకు తొందరంటే తెలియదని. నేను మీట నొక్కితే ఆమె కొంగు సర్దుకుని, ఊపిరి తీసుకుని, అప్పుడు నోరు విప్పేది. ఈ వాక్యం నాకొద్దు, కిందికి పోదామని నొక్కినా, మొదలుపెట్టిన మాట పూర్తి చేయకుండా ఆగేది కాదు. మర్యాదస్థురాలు గదా! వేగం పెంచితే మాటలు ఒకదానిలో ఒకటి కలిసి చపాతీ పిండి ముద్ద అయిపోయేవి. పరీక్షలో ఒక పొడుగాటి ఉత్తరం విని, ముప్పావుగంటలో పది ప్రశ్నలకు జవాబు కొట్టాలి. సారు పెట్టిన మొదటి నమూనా పరీక్షలో నేను నాలుగో ప్రశ్న దగ్గర ఉండగానే గంట మోగింది. రెండోసారి అయిదో ప్రశ్న. ఆపా అప్పటికే పదీ కొట్టేసి, చాయ్ తాగి వచ్చి, నా వెనక నిలబడి ఉండేది. "ఏమే, మీ కోడలుపిల్ల ఇంకా జడ ఏసుకుంటుందా?" అనేది. సారు మాత్రం ఒక్క మాటే అన్నాడు: "నీ కాపురం నీ ఇష్టం బిడ్డా. కని పరీక్ష పన్నెండు దినాలే ఉన్నది."

మార్చుకోవాలని నాకూ తెలుసు. కానీ ఎట్లా? రోజూ అత్త ఫోను. "మన పిల్ల మంచిగున్నదా? మంచిగ మాట్లాడుతుందా?" అని నా క్షేమం కన్నా ముందు ఆ గొంతు క్షేమం అడిగేది. ఇంకో సంగతి కూడా ఉంది, ఇన్నాళ్లకు చెబుతున్నాను. చూపు పోయినప్పటినుంచి నాతో అందరూ జాలిగానో విసుగ్గానో గట్టిగానో మాట్లాడినవాళ్లే. ఉట్టిగా, మెత్తగా, నాకోసమే అన్నట్టు మాట్లాడిన మొదటి గొంతు అది. దాన్ని పొమ్మనడానికి మనసు రాలేదు.

ఆ ఆదివారం ఇంటికి పోయాను. కంప్యూటరు మగ్గం గదిలోనే పెట్టి ఒక నమూనా ఉత్తరం చదివించాను. నాయిన మగ్గం ఆడుతోంది. తేనె పిల్ల ఏదో అంటోంది, ఒక్క ముక్క తెలియడం లేదు. చెవి ఆనించినా లేదు. సొసైటీ ఆఫీసు కూడా మగ్గాల షెడ్డు పక్కనే గదా, అక్కడ కూర్చుని నేనేం వింటాను అని అప్పుడు వెలిగింది నాకు. కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. ఎవరి మీదనో కసి తీర్చుకుంటున్నట్టు గొంతు మార్చి, రేకుగాడిని పెట్టి, వేగం పెంచి వదిలేశాను. వాడు గలగలమని చివరిదాకా ఉరికి ఆగాడు. నాకు సగం కూడా అందలేదు.

నాయిన మగ్గం ఆపకుండానే అన్నాడు: "రాయచూరు షావుకారుకు పన్నెండు చీరలంట. నాలుగు ఆకుపచ్చయి, అంచు ఎరుపు. పోయినసారి రెండింటికి కొంగు పొట్టిగొచ్చిందని ఫిర్యాదు. పెండ్లి పదోతారీకు, ఆలోపల అందాలంటుండు. గదే గద?"

వేగం తగ్గించి మళ్లీ చదివించాను. ఉత్తరంలో ఉన్నవన్నీ చెప్పేశాడు. "నీకెట్ల అర్థమైంది నాయినా? గంత ఉరుకుడు ఉరికిండు గదా వాడు!"

"ముప్పై ఏండ్ల సంది దెబ్బకు దెబ్బకు మధ్యలనే మాటలు ఇంటున్న. మీ అమ్మ తిట్లన్నీ గట్లనే ఇన్న, ఒక్కటి పొల్లుపోలే."

"పోలేదని నాకు గుర్తుంటది తియ్," అంది అవతలి పక్కనుంచి అంచు దారం కండె ఉన్న నాడె అందిస్తున్న అమ్మ.

"తేనె మంచిదే బిడ్డా, కని సందుల్ల జారిపోతది," అన్నాడు నాయిన. "ఈ రేకుగాని మాట పడుగు లెక్క. పోగుకు పోగుకు ఎడమున్నది. ఎంత గుంజినా కలవది. నీకు చెవి పడలేదంతే. పడేదాక ఈడనే కూసో, నేను నేర్పిస్త."

మా నాయినకు కంప్యూటరు మూత ఎటువైపు తెరుచుకుంటుందో కూడా తెలియదు. అయినా సారుకు ఫోను చేసి అడిగితే, సారు నవ్వి, "మగ్గం కాడ నేర్చుకుంటదా? నాకన్న మంచి మాస్టరే దొరికిండు. ఉండనియ్యి," అన్నాడు. అట్లా పది రోజులు మా ఇంట్లో బడి నడిచింది. కొత్తగా నేత నేర్చేవాళ్లకు నేర్పినట్టే నేర్పాడు. మొదటిరోజు మగ్గం బాగా మెల్లగా ఆడించాడు, దెబ్బకు ఒక మాట. నా చేతులు కండెలు చుడుతూ ఉండాలి, చెవి మాట పట్టుకోవాలి. "చేతులు ఖాళీ పెడితే మనసు చేతుల మీదికి పోతది," అనేవాడు. నాలుగో రోజుకు దెబ్బకు మూడు మాటలు. మగ్గం వేగం పెరిగినకొద్దీ నేను రేకుగాడి వేగం ఒక్కో మెట్టు పెంచుకుంటూ పోయాను. ఏడో రోజో ఎనిమిదో రోజో, పొద్దున పూట, వాడి గొంతు నాకు వినిపించడం మానేసింది. మాటలు మాత్రమే వినిపించాయి. గొంతు అడ్డం తప్పుకుని, వెనకున్న ఉత్తరాన్ని ఎవరో నేరుగా నా ముందు పరిచినట్టయింది. చూపు పోయిన ఇన్నేళ్లకు, కాగితం చదవడమంటే ఎట్లా ఉంటుందో నాకు మళ్లీ గుర్తొచ్చింది ఆ పూటే. కండె చేతిలోనే ఉంది, కళ్లనిండా నీళ్లు. అమ్మ మాత్రం, "తండ్రీబిడ్డలకు పిచ్చి లేసింది. ఆ రేకుగాడు నా కలల్లకొచ్చి గూడ లింకు, బటను అనుకుంట తిరుగుతుండు," అని గొణిగేది.

ఇక అత్త. సంగతి తెలిసి తుఫానులా వచ్చింది. "చూపులై, బొట్టు పెట్టి, చక్కెర పంచి, ఇప్పుడు ఒద్దంటరా? వాడకట్టుల నా మాటేం గావాలె? ఆ పిల్ల ఉసురు తగుల్తది!"

"అది పిల్ల కాదత్తా. గొంతు."

"పిల్ల కాకుంటే నేనడిగినదానికి జవాబెట్ల చెప్పింది?"

దొరికిపోయాను. "జవాబులు నేనే కొట్టిన అత్తా. అది చదివిందంతే."

అత్త, "అయితే నా ఆరోగ్యం అడిగింది నువ్వా?" అంది. "నేనే." "ఇన్నేండ్లల్ల నీ నోటితోని ఎన్నడన్న అడిగినవా?" అని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

పరీక్షనాడు ఆలస్యమైన చీర పని మీద అమ్మా నాయినా ఇద్దరూ మగ్గం వదలలేని పరిస్థితి. నన్ను ఎవరు తీసుకుపోతారా అనుకుంటుంటే తెల్లవారే సరికి అత్త వాకిట్లో నిలబడి ఉంది. నాతో మాట లేదు. బస్సులో డ్రైవరుతో మాట్లాడింది, కండక్టరు పెళ్లి సంగతి అడిగింది, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే ఆంజనేయస్వామితో కూడా గట్టిగానే మాట్లాడింది. నాతో తప్ప. వనపర్తిలో బస్సు మారి నాగర్‌కర్నూలు చేరి, పరీక్ష హాలు మెట్ల దగ్గర నా చెయ్యి వదిలే ముందు మాత్రం, "నీళ్లు తాగి పో," అంది.

పరీక్ష మొదలైందో లేదో, పక్కనే ఉన్న ఫంక్షన్ హాలులో బ్యాండు మేళం అందుకుంది. డప్పులు, బాకాలు, కిటికీ అద్దాలు దడదడలాడుతున్నాయి. చెవుల్లో పెట్టుకున్న తీగల్లోకి కూడా దూరుతోంది ఆ మోత. హాల్లో అందరూ అయ్యో అయ్యో అంటున్నారు. ఆపా అయితే ఉర్దూలో పెళ్లికొడుకు తాతల దాకా పోయింది. నాకు మాత్రం, నమ్మండి, ప్రాణం లేచి వచ్చింది. మా ఇల్లు మొత్తం లేచి నాగర్‌కర్నూలు వచ్చినట్టుంది! డప్పు దెబ్బల సందుల్లో రేకుగాడి మాటలు ఒక్కోటీ వచ్చి నా ఒళ్లో పడుతున్నాయి. ఒకటి, రెండు, మూడు... ఆరు ప్రశ్నలు ఒక్క ఊపున అయిపోయాయి. అప్పుడు, ఉన్నట్టుండి, బ్యాండు ఆగిపోయింది.

అందరూ హమ్మయ్య అన్నారు. నేను మాత్రం గుంటలో పడ్డట్టు ఆగిపోయాను. ఆ నిశ్శబ్దంలో రేకుగాడు ఒంటరిగా గలగలమంటుంటే మాట ఎక్కడ మొదలై ఎక్కడ తెగుతుందో అందలేదు. మగ్గం లేకుండా వాడిని వినడం నేను నేర్చుకోనే లేదు! రెండుసార్లు, మూడుసార్లు అదే వాక్యం. కుర్చీ దూరంగా జరిగిపోతున్నట్టే ఉంది. అప్పుడు నా కుడికాలు, నన్ను అడగకుండానే, నేల మీద మెల్లగా దెబ్బ వేయడం మొదలుపెట్టింది. టక్, టక్, టక్. మా నాయిన కాలి వేగం. మాటలు మళ్లీ విడివిడిగా నిలబడ్డాయి.

"ఏమ్మా, ఆ కాలు చప్పుడేంది?" అన్నాడు హాల్లో కాపలా తిరుగుతున్న పరీక్ష సారు.

"మగ్గం సార్," అన్నాను.

ఆయనకేం అర్థమైందో గాని, "సరే, జర మెల్లగ నెయ్యి," అని వెళ్లిపోయాడు. గంట మోగేసరికి పదో జవాబుకు చుక్క పెట్టాను.

బయటికి వస్తే అత్త చేతిలో రెండు లడ్డూలు. మాట కలిసింది, గొంతు నిండా గర్వం. "ఇన్నవా? బ్యాండు నేనే బంద్ చేయించిన! లోపల మా బిడ్డ పరీక్ష రాస్తుందని చెప్పి పెండ్లికొడుకు తండ్రిని దులిపిన. మస్తు మంచోడు, బువ్వ తిని పొమ్మన్నడు. ఆయనకు రెండో కొడుకు గూడ ఉన్నడంట, మన పద్మశాలీల్లనే సంబంధం చూడమన్నడు." నేను లడ్డూ నోట్లో పెట్టుకున్నాను. ఏం చెప్పను? నా మేలు కోరి రెండుసార్లు చప్పుడు ఆపించింది ఆమె, మా ఇంట్లో ఒకసారి, నాగర్‌కర్నూలులో ఒకసారి. రెండుసార్లూ ప్రేమతోనే. రెండుసార్లూ నా కొంప మునగబోయింది.

తిరుగు బస్సులో గోపాల్‌పేట దాటాక, ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, ఎటో చూస్తూ అన్నట్టుంది: "నీకు ఒక్క సంబంధం తేలేకపోతి బిడ్డా. ఎవ్వల్నడిగినా కండ్లు కండ్లు అన్నరు. గందుకే, చెవులకైన ఒక మంచి మాట తెద్దామనుకున్న. నాకేం తెలుసు రేకుగాడే పనికొస్తడని." నేను ఆమె చెయ్యి పట్టుకుని, "మోకాళ్లెట్లున్నయి అత్తా?" అని అడిగాను. నా సొంత గొంతుతో. ఆమె నవ్వింది, చాలాసేపు, బస్సు కుదుపులకు ఆ నవ్వు విరిగి విరిగి పడింది.

పాసయ్యాను. కుర్చీ వచ్చింది. దానికి ఒక కాలు పొట్టి, ఇప్పటికీ కింద అట్టముక్క పెట్టుకునే కూర్చుంటాను, అయినా నా కుర్చీ. రేకుగాడు నాతోనే ఉన్నాడు. ఈ మాటలు నేను కొడుతుంటే ఒక్కో అక్షరం వాడే చదివి వినిపిస్తున్నాడు, తన గురించి రాసిన తిట్లతో సహా, ఏ కోపమూ లేకుండా. ఇప్పుడు కొత్త కొత్త గొంతులు వచ్చాయి, పిల్లలు ఫోనుల్లో వినిపిస్తారు, మనుషుల్నే మించిపోయాయి. "మార్చుకో," అంటారు. వినడానికి బాగుంటాయి. విని, మెచ్చుకుని, మళ్లీ నా డబ్బా దగ్గరికే వస్తాను. సారుకూ, ఆపాకూ, పది రోజులు నాకోసం మగ్గాన్ని మెల్లగా ఆడించి చీరను ఆలస్యం చేసుకున్న నాయినకూ ఏం చేస్తే రుణం తీరుతుందో తెలియక, పొద్దున్నే కుర్చీలో కూర్చునే ముందు ఒకసారి తలుచుకుంటాను.

తేనె పిల్లను మాత్రం వదిలేశాననుకుంటున్నారా? లేదు. అత్తకు ఇప్పుడు చూపు మసకబారింది. సాయంత్రం వస్తుంది, "ఆ పిల్లతోని ఏమన్న చదివియ్యి," అంటుంది. ఆమెకు తొందరేం లేదు, పిల్లకూ లేదు. ఇద్దరికీ భలే కుదిరింది. చూపులత్త చూసిన సంబంధం వృథా పోలేదు, ఆ వధువు ఎవరికన్నదే మేము తప్పుగా అనుకున్నామంతే. రేపు ఈ కథ కూడా అట్లాగే చదివించాలి. బ్యాండు ఆగినందుకే నా పరీక్ష పోబోయిన సంగతి ఇన్నేళ్లూ ఆమెకు చెప్పలేదు. అక్కడ ఆపి దాటేద్దామంటే, తేనె పిల్ల ఆగమంటే ఆగే మనిషి కాదని మీకు తెలుసు గదా. పోనీ, విననీ. తిడితే తిడుతుంది. మెత్తటి మాట కోసం కుర్చీని పోగొట్టుకోబోయిన ఆ ఇరవై రెండేళ్ల పిల్లను తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. దానికేం తెలుసు, మెత్తటి మాట చూపులత్త చెప్పులు వేసుకుని మా వాకిట్లోకే వచ్చి పోతోందని.

ఇక లేవండి, మీకూ పొయ్యి మీద పనులుంటాయి. మీ ఇంట్లో పోగు తెగకుండా ఉండాలి, తెగినా ముడి వేసే చెయ్యి పక్కనే ఉండాలి. ఎంత మోతలోనైనా మీవాళ్ల మాట మీకూ, మీ మాట మీవాళ్లకూ అందుతూ ఉండాలి. మీ పెద్దవాళ్ల మోకాళ్లు ఎట్లా ఉన్నాయో మీ నోటితో అడిగే భాగ్యం మీ ఇంటికి ఎన్నటికీ తరగకూడదు. చల్లగా ఉండండి.